అంతర్ధానమైన రక్షకుడు: అలంపురం రససిద్ధ కథ – శాసన సాక్ష్యం

ఒక కట్టడాన్ని కాపాడిన మనిషి కనుమరుగైన తరువాత కూడా అతని ఉనికి ఆ స్థలాన్ని వీడలేదన్న విశ్వాసం అనేక సమాజాలలో కనిపిస్తుంది. పాశ్చాత్య సముద్రతీరాలలో అది దీపస్తంభ పాలకుని ప్రేతకథగా ప్రసిద్ధం. సముద్రం ఎరుగని నడిగడ్డలో ఆ కోవకు దగ్గరగా నిలిచేది అలంపురం రససిద్ధుని కథ. శాసనాలలో రాజుకూ ఆచార్యునికీ మధ్య కనిపించే సంబంధం ఈ కథలో తలకిందులైంది. ఆ మార్పునకు గల కారణాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కథకూ పత్రానికీ మధ్య ఉండే ఎడాన్ని గుర్తించడానికి ఫ్లానన్ దీవుల ఉదంతం తోడ్పడుతుంది. స్కాట్లాండుకు పడమట ఉన్న ఆ దీవుల దీపస్తంభంలో 1900 డిసెంబరులో ముగ్గురు పాలకులు అదృశ్యమయ్యారు. పెద్ద అల వారిని ఈడ్చుకుపోయి ఉంటుందని విచారణాధికారి రాబర్ట్ మ్యూర్‌హెడ్ నివేదించాడు. అయితే 1912లో విల్ఫ్రిడ్ గిబ్సన్ తన కవితలో చిత్రించిన ముట్టని భోజనం, పడిపోయిన కుర్చీ లోకుల మనసులలో నివేదికకన్నా గట్టిగా నాటుకున్నాయి. పత్రం సంఘటనను నమోదు చేసింది. ఖాళీ అయిన స్థానాన్ని కథ నింపింది.

రససిద్ధ కథ

అలంపురం స్థలపురాణ సంప్రదాయం ప్రకారం నవబ్రహ్మాలయాల నిర్మాత రససిద్ధుడు. అతడు సిద్ధరసంతో లోహాన్ని బంగారంగా మార్చి ఆ ధనంతో ఆలయాలు కట్టించాడు. ఆ రసాన్ని ఆశించి విలసద్రాజు దండెత్తాడు. సిద్ధుడు అంతర్ధానం కాగా రాజు పతనమయ్యాడు. ఇక్కడ గమనింపదగినది పదప్రయోగం. దీపస్తంభ కథలలో దేహం దొరకనివాడు ప్రేతమవుతాడు. శైవ సిద్ధ సంప్రదాయంలో దేహం దొరకకపోవడమే సిద్ధికి గుర్తు. అందువలన రససిద్ధుడు భయం గొలిపే దయ్యం కాలేదు; క్షేత్రానికి మూలపురుషుడయ్యాడు.

బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ అనే ఆలయనామాలు ఓషధుల సంకేతాలన్న వాదం కూడా ఈ కథను ఆశ్రయించి పుట్టినదే. అర్కమంటే జిల్లేడు, విశ్వ అంటే శొంఠి అని నిఘంటువులు చెబుతాయి. కాని ‘స్వర్గ’ వంటి నామానికి అలాంటి అర్థం సులభంగా కుదరదు. కొన్ని పేర్ల పోలికను తొమ్మిదింటికీ వర్తింపజేయడం సాక్ష్యం కాజాలదు.

శాసనాలు చెప్పేది

నవబ్రహ్మాలయాలు క్రీ.శ. 7–8 శతాబ్దాల నాటి బాదామి చాళుక్య నిర్మాణాలు. స్వర్గబ్రహ్మాలయాన్ని వినయాదిత్యుని (681–696) కాలంలో రాణి గౌరవార్థం లోకాదిత్య ఎళ అరస కట్టించినట్లు అక్కడి శాసనం తెలుపుతుంది. విజయాదిత్యుని కాలపు శక 635 (క్రీ.శ. 713) నాటి సంస్కృత శాసనం సిద్ధమాతృకా లిపిలో ఉంది. రాజాజ్ఞపై ఈశానాచార్యస్వామి ప్రాకారం నిర్మించినట్లు అది పేర్కొంటుంది. ఇందులో ఆజ్ఞ రాజుది, నిర్వహణ ఆచార్యునిది. ఇద్దరి మధ్య వైరం లేదు.

కథ ఈ కూర్పును రెండు చోట్ల మార్చింది. మొదటిది, ధనానికి మూలం రాజకోశం కాక సిద్ధుని రసం. రెండవది, పోషకుడైన రాజు ఆక్రమణదారుడయ్యాడు.

మార్పునకు కారణాలు

అలంపురంపై రాజవంశాలు మారుతూ వచ్చాయి. బాదామి చాళుక్యుల తరువాత రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, కాకతీయులు వచ్చారు. క్షేత్రంలో నిలిచినది ఆచార్యస్థానం. కల్యాణి చాళుక్యుల నాటికి ఇక్కడ కాలాముఖ శైవాచార్యుల ప్రాబల్యం శాసనాలలో కనిపిస్తుంది. వంశాలు మారినా స్థానం నిలిచినచోట, నిలిచినవాడే నిర్మాతగా జ్ఞాపకంలో మిగలడం సహజం. ఆలయ సంపదకు రాజు దాత మాత్రమే కాడు, దానిని హరించగలవాడు కూడా. ఈ నిత్యభయానికి విలసద్రాజు రూపమిచ్చాడు. 14వ శతాబ్దిలో జోగుళాంబ ఆలయం ధ్వంసమై, విగ్రహం బాలబ్రహ్మేశ్వరాలయంలో ఆశ్రయం పొందింది. నూతనాలయం 2005లో గాని ఏర్పడలేదు. ఈ చేదు జ్ఞాపకం కథలోని దండయాత్రకు బలం చేకూర్చి ఉండవచ్చు.

రసవాదాంశానికి మూలం శ్రీశైలం. అలంపురం ఆ క్షేత్రానికి పశ్చిమద్వారం. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లోని పర్వత ప్రకరణం, గౌరన ‘నవనాథ చరిత్ర’ శ్రీశైలాన్ని సిద్ధుల నెలవుగా తెలుగు సాహిత్యంలో ప్రతిష్ఠించాయి. పర్వతపు సిద్ధ సంప్రదాయం ద్వారక్షేత్రానికి వ్యాపించినప్పుడు, అక్కడి ఆచార్యుడు రససిద్ధునిగా రూపొంది ఉండవచ్చు.

ముగింపు

ఈశానాచార్యుడే రససిద్ధుడని చెప్పడానికి శాసనాధారం లేదు. ఇద్దరినీ ఒక్కటి చేస్తే శాసనం, కథ రెండూ నష్టపోతాయి. శాసనం 713లో ఎవరి ఆజ్ఞతో ఎవరు గోడ కట్టించారో చెబుతుంది. ఆ గోడ లోపలి ధనం ఎవరిదన్న ప్రశ్నకు తరువాతి తరాలు ఇచ్చుకున్న సమాధానం కథ. క్షేత్రచరిత్రలో స్థలపురాణాన్ని తేదీల కోసం కాక, సొమ్ముపై హక్కును గురించిన వాదంగా చదవడం సమంజసం. అప్పుడు అంతర్ధానమైన రక్షకుడు అద్భుతం కోసం కల్పించిన పాత్రగా మిగలడు. రాజాధికారం ముందు ఆచార్యస్థానం తన పక్షాన నిలిపిన సాక్షిగా కనిపిస్తాడు.