తిరువూరు శీతోష్ణస్థితి

ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న మెట్ట ప్రాంతపు పట్టణం తిరువూరు. సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం. దాదాపు అదే అక్షాంశం మీద, ఆఫ్రికాలో సహారా అంచున టింబక్టు ఉంది. అక్కడ ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. తిరువూరు ప్రాంతంలో వెయ్యి మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. ఎండ ఒక్కటే అయినా వానలో ఇంత తేడా రావడానికి భారతదేశపు కొండలూ సముద్రాలూ అమరిన తీరే కారణం.

అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి గాలి ముందుగా పడమటి కనుమలు ఎక్కాలి. ఎక్కుతూ చల్లబడి, తేమలో చాలా భాగాన్ని అక్కడే కుమ్మరిస్తుంది. మహాబలేశ్వరంలో ఏటా 5000 మిల్లీమీటర్లు దాటే వర్షం, కనుమలు దిగి తూర్పుకు వెళ్ళేసరికి పదోవంతుకు పడిపోతుంది. అనంతపురం కరువుకు మూలం ఈ వర్షచ్ఛాయే. తిరువూరును ఆ గతి పట్టకుండా కాచేది బంగాళాఖాతం. మచిలీపట్నం తీరం వంద కిలోమీటర్లకు కాస్త పైన. వానాకాలంలో బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలే ఇక్కడి మెట్ట పైర్లకు ఊపిరి.

ఒక్కోసారి ఆ మేలే ముంచుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఉత్తరాంధ్ర తీరం దాటిన వాయుగుండం కురిపించిన వానలకు ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగి కాలనీలను ముంచాయి. ఆ రెండు నగరాలూ తిరువూరుకు దగ్గరివే.

వేసవిలో గాలి దిక్కు మారుతుంది. వాయవ్యం నుంచి దక్కన్ పీఠభూమి మీదుగా దిగే పొడిగాలి, దిగేకొద్దీ వేడెక్కుతుంది. తీరంలో మధ్యాహ్నం తిరిగే సముద్రపు గాలి ఇంత లోపలికి చల్లగా అందదు. మే నెలలో 44, 45 డిగ్రీలు నమోదైతే ఎవరూ వింతపడరు.

చలికాలం మాత్రం మెత్తనిది. మధ్య ఆసియా శీతగాలులను హిమాలయాలు అడ్డుకుంటాయి కనుక వణికించే చలి రాదు. మామిడి పూతకు కావలసినంత చల్లదనం మాత్రం రాత్రుళ్ళు దొరుకుతుంది. పూత మీదుండగా మబ్బు పట్టి తేమ పెరిగితే తేనెమంచు పురుగు చేరుతుంది. దాన్ని దాటినా, కోతల వేళ ఈదురుగాలులకు కాయ రాలే బెడద ఉండనే ఉంది.

పడమటి కనుమల దగ్గర ఆగిన వానలో కొంత మరో దారిన తిరువూరు చేరుతుంది. ద్వీపకల్పం తూర్పుకు వాలి ఉండడంతో మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ ఇటే పారుతుంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు ఎడమ కాలువ ఆ నీటిని నల్లగొండ, ఖమ్మం మీదుగా ఇక్కడికి తెస్తుంది. తిరువూరుది చివరి ఆయకట్టు. పైన ఆల్మట్టి, శ్రీశైలం నిండాకే సాగర్‌కు వరద దిగుతుంది. స్థానికంగా వానలు బాగున్న ఏడాది కూడా కాలువ చివరి పొలాలకు నీరందేదీ లేనిదీ మహారాష్ట్ర, కర్ణాటక కనుమల్లో పడే వానను బట్టే తేలుతుంది.