దేవకీనందన్ ఖత్రీ: అద్భుతానికి ఆధారం

హిందీ సాహస నవలకు విశేష ప్రచారం తెచ్చినవాడు దేవకీనందన్ ఖత్రీ (1861–1913). కాశీరాజు ఏలుబడిలోని చకియా, నౌగఢ్ అడవులను గుత్తకు తీసుకొని, అక్కడి లోయలలో, శిథిల దుర్గాలలో ఆయన చాలకాలం సంచరించాడు. ‘చంద్రకాంత’లోని రహస్య మార్గాలకు ఆ నేలే ఆధారం. ఉర్దూ దాస్తాన్‌ల నుండి తిలిస్మును, అనగా మాయాకట్టడాన్ని, గ్రహించాడు గాని, దానిని నడిపే మంత్రశక్తిని విడిచిపెట్టి మరలను, మందులను నియోగించాడు. అద్భుతానికి కారణం చూపవలెనన్న ఈ పట్టుదలే నేటి రచయితలు ఆయనవద్ద నేర్వదగినది. అది తేలిక విద్య కాదు. భాష కూడా జనం మాట్లాడుకొనేదే. ఆ నవలల కోసమే హిందీ నేర్చినవారు అనేకులు. 1929లో రామచంద్ర శుక్లుడు తన సాహిత్య చరిత్రలో ఆ ఘనతను అంగీకరించియు, వాటికి సాహిత్య గౌరవమీయలేదు. పాఠకులు ఆ తీర్పుకై వేచియుండలేదు. ‘చంద్రకాంతా సంతతి’ 24 భాగాలనూ ఎన్నడో చదివివేశారు. ఖత్రీ అసంపూర్ణంగా విడిచిన ‘భూతనాథ్’ను ఆయన కుమారుడు దుర్గాప్రసాద్ పూర్తిచేశాడు.