రాచబండి నమూనా నుండి మోటారుకారు నమూనా వరకు

పసివాడు త్రాడు కట్టి ఈడ్చుకొనిపోయే బొమ్మకారు వేరు. అసలు కారు కొలతలను ఒక నిర్ణీతమైన నిష్పత్తిలో తగ్గించి, రేఖ తప్పకుండా మలచి, రంగు పూసి నిలిపిన నమూనాకారు వేరు. మొదటిది ఆటవస్తువు. రెండవది శిల్పానికీ యంత్రశాస్త్రానికీ నడుమ నిలిచిన హస్తకళ. తీరికవేళల వ్యాసంగంగా ఈ కళ ఇరువదవ శతాబ్దంలో అనేక దేశాలలో వ్యాపించినది. అయితే ఒక మహాపరిశ్రమ ఈ వ్యాసంగాన్ని చేరదీసి, దాని మూలంగా తనకు కావలసిన ప్రతిభావంతులను వెదకికొన్న ఉదంతం అమెరికాలో జరిగినది. 1930లో మొదలై 1968లో ముగిసిన ఆ ఉదంతం, చేతిపనికీ చదువుకూ గల సంబంధాన్ని గురించి ఆలోచించేవారందరూ తెలుసుకోదగినది.

ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్ పట్టణంలో ఫిషర్ అనే కుటుంబం ఉండేది. తండ్రి గుర్రపుబండ్లు చేసే వృత్తిలోనివాడు. ఆయన కుమారులు ఏడుగురు. వారిలో ఫ్రెడ్, చార్లెస్ అనే ఇద్దరు 1908లో డెట్రాయిట్ నగరంలో ఫిషర్ బాడీ కంపెనీని నెలకొల్పినారు. ఇంజను తయారుచేయడం వారి పని కాదు. ఇంజనుపై అమర్చే బండి, అనగా మనుష్యులు కూర్చుండే భాగం, వారి పని. ఆనాటి కార్లు చాలవరకు పై కప్పు లేనివి. ఎండకు, వానకు, చలికి తట్టుకొనే మూసిన బండ్లను విరివిగా నిర్మించడంలో ఈ సోదరులు ప్రసిద్ధులైనారు. జనరల్ మోటార్స్ సంస్థ 1919లో వారి కంపెనీలో అయిదింట మూడువంతుల వాటాను, 1926లో మిగిలిన భాగాన్ని కొన్నది. నెపోలియన్ చక్రవర్తి కాలపు రాచబండి బొమ్మ వారి వ్యాపార చిహ్నం. బండిని కట్టే తాతలనాటి నేర్పు కర్మాగారంలో కూడ బ్రతికియున్నదని చాటడమే ఆ చిహ్నం యొక్క ఉద్దేశం.

కాని కర్మాగారం పెరిగినకొలదీ ఆ నేర్పు సన్నగిల్లడం సహజం. చేతితో చెక్కే పనిని అచ్చుయంత్రం చేయసాగినది. తండ్రి ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనే కొడుకు కనుమరుగైనాడు. 1930లో ఫిషర్ బాడీ సంస్థ బాలుర కొరకు ఒక శిల్పకార సంఘాన్ని స్థాపించినది. 1929 చివర సంభవించిన ఆర్థిక సంక్షోభంతో కుటుంబాలు తల్లడిల్లుతూ ఉన్న కాలమది. సంస్థ చిహ్నమైన రాచబండికి సరియైన నమూనాను, పంపిన పటాలను అనుసరించి, బాలుడు స్వయంగా నిర్మించవలెను. శ్రేష్ఠమైన వాటికి విశ్వవిద్యాలయ విద్యార్థివేతనాలు ఇచ్చేవారు. మొదటి పోటీలో అట్టివి నాలుగు. ఒక్కొక్కటి 5000 డాలర్లు. సామాన్యమైన చెవర్లే కారు సుమారు 600 డాలర్లకు దొరికే రోజులవి. కూలిపోయిన వ్యాపారి ఇంట్లో, పని పోయిన కార్మికుని ఇంట్లో, ఒక పిల్లవాని కళాశాల చదువు ఆ చిన్న రాచబండిపై ఆధారపడియుండినదంటే అతిశయోక్తి కాదు.

ఆ బండి సామాన్యమైనది కాదు. తలుపులు తెరుచుకోవలెను. లోపల మెత్తలు కుట్టవలెను. చక్రాల ఆకులు, కమానులు, పైకప్పు మీది లోహపు నగిషీలు, సమస్తం పిల్లవాని చేతిలోనుండి వెలువడవలసినవే. అందుచేత ఒక్కొక్కడు వడ్రంగి, కంసాలి, దర్జీ, చిత్రకారుడు, నలుగురి పనులూ నేర్వవలసివచ్చినది. నెలల తరబడి శ్రమించి, పూర్తియైన నమూనాను పెట్టెలో భద్రపరచి పంపేవారు. దారిలో విరిగితే చేసిన శ్రమ వ్యర్థమే గనుక, పెట్టె కట్టడం కూడ ఒక పరీక్ష అయినది.

అయినను ఈ పోటీలో ఒక లోపం ఉండెను. ఎంత నేర్పరియైనను అందరూ చేసేది ఒకే బండి. అనుకరణలో ఓర్పు తెలుస్తుంది, చేతివాటం తెలుస్తుంది, కల్పనాశక్తి తెలియదు. 1937లో నిర్వాహకులు రాచబండికి తోడుగా మోటారుకారు పోటీని చేర్చినారు. ఇందులో పటం ఇవ్వరు. పోటీదారుడు తన ఊహలోని కారును తానే రూపొందించి, పన్నెండవ వంతు పరిమాణంలో నిర్మించవలెను. యుద్ధకాలంలో పోటీలు నిలిచినవి. యుద్ధానంతరం తిరిగి మొదలైన కొలది ఏండ్లకే రాచబండి తప్పుకొని, కారు ఒక్కటే మిగిలినది.

ఈ మార్పు ఆకస్మికం కాదు. 1927లో జనరల్ మోటార్స్ సంస్థ కార్ల రూపురేఖల కొరకు ప్రత్యేకశాఖను ఏర్పరచి, హార్లీ అర్ల్ అనే శిల్పిని దానికి అధిపతిని చేసినది. కారు ఆకృతిని మొదట మట్టితో మలచి చూచే పద్ధతిని ఆయన అక్కడ స్థిరపరచినాడు. ఇంటి వెనుక కొట్టంలో బాలుడు చేసే పనీ, సంస్థ శిల్పశాలలో ఉద్యోగి చేసే పనీ ఒకటే అయినవి. ఈ వ్యాసంగం అప్పటినుండి వృత్తికి తొలిమెట్టుగా మారినది.

ఆ నిర్మాణక్రమాన్ని కొంచెం వివరించవలసియున్నది. మొదట కాగితంపై నాలుగు వైపుల పటాలు గీసేవారు. పిమ్మట మట్టితో ఆకృతిని మలచి, వంపులను సరిచూచి, ఆ రూపాన్ని కొయ్యలో చెక్కడమో, సుద్దపోతతో అచ్చు తీయడమో చేసేవారు. కుడివైపు వంపు ఎడమవైపుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలియవలెను. సందులను లప్పంతో పూడ్చి, గరుకుకాగితంతో రుద్దవలెను. మన కొండపల్లి బొమ్మల శిల్పులు చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకులను పూడ్చి నునుపు చేయడం ఎరిగినవారికి ఈ దశ సులభంగా బోధపడుతుంది.

చిట్టచివరి దశ రంగు. అసలు పరీక్ష అక్కడనే. కారు కొలతలను పన్నెండు వంతులు తగ్గించవచ్చును గాని, రంగు మందాన్ని అంత సులభంగా తగ్గించలేము. అసలు కారుపై రంగుపొరలన్నీ కలిసి సుమారు మిల్లీమీటరులో పదవ వంతు మందం ఉంటవి. ఆ లెక్కను నమూనాపై పొర మిల్లీమీటరులో నూట ఇరువదవ వంతు ఉండవలెను. అది అసాధ్యప్రాయం. మందంగా పూస్తే తలుపుల గీతలు పూడిపోయి, నిశితమైన అంచులు మొద్దుబారి, ఆకృతి అంతా మట్టిముద్దవలె కనిపించును. అందుచేత పలుచని పొర పూయడం, ఆరనిచ్చి రుద్దడం, మరల పూయడం, ఇట్లు అనేక పర్యాయాలు చేయవలెను. లోపలి తప్పును రంగు దాచదు. నిగనిగలాడే రంగు దానిని మరింత స్పష్టంగా చూపును.

ఈ పోటీలలో నెగ్గినవారు కొందరు పెద్ద పదవులను అలంకరించినారు. తొలి విజేతలలో ఒకడైన డొనాల్డ్ బర్న్‌హామ్ 1963లో వెస్టింగ్‌హౌస్ విద్యుత్ సంస్థకు అధ్యక్షుడైనాడు. 1947లో విజేతయైన చార్లెస్ జోర్డన్ జనరల్ మోటార్స్‌లో చేరి, 1986 నుండి 1992 వరకు ఆ సంస్థ రూపకల్పన శాఖకు ఉపాధ్యక్షుడుగా ఉన్నాడు. హార్లీ అర్ల్ కూర్చున్న పీఠాన్నే ఒకప్పటి నమూనాకార్ల బాలుడు అధిష్ఠించినాడన్నమాట.

అయినను చరిత్రను చెప్పేటప్పుడు ఒక ప్రక్కనే చూడరాదు. ఈ పోటీ బాలురకే పరిమితమైనది. బాలికలకు ప్రవేశం లేకుండెను. సూదిపని, రంగులపని, సున్నితమైన చేతిపని అవసరమైన రంగంలో సగం మందిని గడప బయట నిలిపినారు. ఇందులో సంస్థకు ప్రచారలాభం ఉన్నదనడమూ నిజమే. ఇక గెలిచినవారు కొద్దిమంది. మిగిలిన వేలమందికి వేతనం లేదు, విందు లేదు. వారికి మిగిలినది తాము చేసిన నమూనా, దానితో అబ్బిన నేర్పు మాత్రమే. ఈ పోటీ విలువను నిర్ణయించవలసినది ఆ ఓడినవారి లెక్కతోనని నా అభిప్రాయం. ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా, కొలత తప్పితే పని చెడునని చేతులకు తెలియడం ఒక చదువే.

ఇంతలో మరొక మార్పు వచ్చినది. అమెరికాలో ఎ.ఎం.టి. అనే సంస్థ 1958లో ఇరువదియైదవ వంతు పరిమాణం గల ప్లాస్టిక్ కార్ల విడిభాగాలను పెట్టెలలో అమ్మసాగినది. ఒకే పెట్టెలోని భాగాలతో కారును మూడు విధాలలో ఏదో ఒక తీరుగా కూర్చవచ్చును. స్వల్పధరకు లభించే ఈ పెట్టె లక్షలాది ఇండ్లకు ఈ వ్యాసంగాన్ని చేర్చినది. చెక్కే పని తగ్గి, అతికే పని, రంగువేసే పని ప్రధానమైనవి. 1968లో శిల్పకార సంఘం మూతపడినది. 1984లో జరిగిన పునర్వ్యవస్థలో ఫిషర్ బాడీ శాఖ కూడ ప్రత్యేక విభాగంగా నిలువలేదు.

పెట్టె వచ్చి కళను చంపినదని విలపించేవారున్నారు. అది సగం సత్యమే. పటం లేని కొయ్యదిమ్మెను చూచి వెనుదిరిగే పిల్లవాడు పెట్టెను చూచి ముందుకు వచ్చినాడు. అయితే కూర్చడంతో తృప్తిపడినవాడు అక్కడనే ఆగిపోయినాడు. ఒక భాగాన్ని కోసి, మరొకదానిని అతికి, తన కారును తాను కల్పించుకొన్నవాడు మాత్రం 1937 నాటి బాలుని మార్గంలోనే నడచినాడు. నేడు యంత్రమే పొరలు పొరలుగా నమూనాను అచ్చువేసి ఇస్తున్నది. అయినను రుద్దడం, రంగు వేయడం, తప్పును గుర్తించి తిరిగి మొదలుపెట్టడం మనిషి చేతిలోనే ఉన్నవి. ఇంట్లో పిల్లవాడో పిల్లయో ఇట్టి పనికి పూనుకొంటే, బహుమతి వచ్చునా అని పెద్దలు ప్రశ్నించనక్కరలేదు. మొదలుపెట్టిన బండిని చివరిపొర వరకు పూర్తిచేయుటకు కావలసినంత చోటు, తీరిక వారికి కల్పిస్తే చాలును.