బిడ్డల పరీక్షలు – తల్లిదండ్రుల హక్కులు

బిడ్డను బడిలో చేర్చుటతో తల్లిదండ్రుల పని తీరునా? ఆ బిడ్డకు ఏ పరీక్ష పెట్టవలెను, దాని ఫలితమును ఎందులకు వినియోగింపవలెను అను విషయములందు వారి మాటకు చోటు కలదా? ఈ ప్రశ్నను గూర్చి అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన వాదము దీర్ఘమైనది, తెలిసికొనదగినది.

పూర్వము ఆ దేశమున పరీక్ష యనగా పెద్దల యెదుట పాఠమును నోట అప్పగించుటయే. 1845లో మసాచుసెట్స్ రాష్ట్ర విద్యామండలి కార్యదర్శియైన హోరేస్ మాన్ ప్రోద్బలమున, బోస్టన్ నగర పాఠశాలల పై తరగతి పిల్లలకు ఒకే విధమైన అచ్చు ప్రశ్నపత్రములనిచ్చి వ్రాతపరీక్ష జరిపిరి. ఫలితములు మిక్కిలి నాసిగా వచ్చుటచే ఉపాధ్యాయులు నొచ్చుకొనిరి. పెద్ద వివాదము చెలరేగెను. నాటినుండి పరీక్ష బిడ్డతోపాటు బడిని గూడ కొలుచు మానిక యయ్యెను.

తల్లిదండ్రుల హక్కు ప్రశ్న వేఱొక త్రోవను వచ్చినది. 8 మొదలు 16 ఏండ్ల వఱకు గల పిల్లలందఱును ప్రభుత్వ పాఠశాలలకే పోవలెనని ఆరెగాన్ రాష్ట్రము 1922లో శాసనము చేసెను. 1925లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసి, బిడ్డ ప్రభుత్వపు సొత్తు కాదనియు, పెంపకమును విద్యను నడపు హక్కు తల్లిదండ్రులకు గలదనియు తీర్పు చెప్పెను. అయినను పాఠశాలలను తనిఖీ చేయుటకు, విద్యార్థులను పరీక్షించుటకు ప్రభుత్వమునకు గల అధికారమును ఆ తీర్పే అంగీకరించినది. ఈ రెంటి నడుమ హద్దు ఎచటనో అదియే పిమ్మటి తగవు.

1971లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున కొందఱు నల్లజాతి పిల్లల తల్లిదండ్రులు న్యాయస్థానమునకు పోయిరి. బుద్ధిపరీక్షలో వచ్చిన అంకెను బట్టి వారి బిడ్డలను మందబుద్ధుల తరగతులలో కూర్చుండబెట్టిరి. నల్లజాతి మనశ్శాస్త్రజ్ఞులు ఆ పిల్లలనే మరల పరీక్షింపగా వారు ఆ హద్దును దాటిరి. ఆ పరీక్షలను ఆధారము చేసికొని నల్లజాతి పిల్లలను అట్టి తరగతులకు పంపరాదని 1979లో తీర్పు వచ్చెను. ఈలోగా 1974 నాటి చట్టము, బడిలో తమ బిడ్డను గూర్చి వ్రాసియుంచిన కాగితములను చూచుటకును, తప్పులున్న సవరింపుమని కోరుటకును తల్లిదండ్రులకు హక్కు నిచ్చినది.

2002లో వచ్చిన చట్టము 3 మొదలు 8వ తరగతి వఱకు ఏటేట చదువులోను గణితములోను పరీక్షలు జరుపవలెననియు, నూటికి 95 మంది పిల్లలు వ్రాయవలెననియు విధించెను. ఫలితములు చాలని బడులపై చర్యలు తీసికొనిరి. బడులు పరీక్షలకే అంకితమగుచున్నవని మొఱపెట్టి, 2015లో న్యూయార్కు రాష్ట్రమున ఇంచుమించు ఐదవవంతు పిల్లలను, అనగా రెండు లక్షలకు పైబడినవారిని, తల్లిదండ్రులు పరీక్షకు పంపలేదు. ఆ యేటి డిసెంబరులో వచ్చిన క్రొత్త చట్టము పరీక్షలను నిలిపియుంచి, మానిపించు హక్కును రాష్ట్రముల శాసనములకు విడిచినది. కాలిఫోర్నియాలో తల్లిగాని తండ్రిగాని వ్రాతమూలముగ కోరినచో బిడ్డకు మినహాయింపు లభించును. అన్ని రాష్ట్రములందు ఈ వెసులుబాటు లేదు.

అయితే 2015లోనే పౌరహక్కుల సంఘములు పండ్రెండు ఈ బహిష్కరణను వ్యతిరేకించినవి. 2002 నాటి చట్టము బీదపిల్లల, నల్లజాతి పిల్లల ఫలితములను విడివిడిగా ప్రకటింపుమన్నది. వారిని ఏ బడి ఉపేక్షించుచున్నదో ఆ అంకెల వలననే లోకమునకు తెలిసినది. పరీక్ష మానినచో ఆ ఉపేక్ష మరల మఱుగున పడునని వారి భయము. ఒకనాడు పరీక్ష చేత గాయపడిన వర్గము తరఫుననే ఈ వాదము వచ్చుట గమనింపదగినది.

నేడు ఆ దేశపు ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు కుటుంబముల పిల్లలును ఈ పరీక్షలనే వ్రాయుచున్నారు. ఈ చరిత్రను పరికించినచో, పరీక్షను మానిపించు హక్కు ఒక చోట నుండి వేఱొక చోట లేకపోవచ్చును. కాని ఆ పరీక్ష దేనిని కొలుచుచున్నది, ఆ అంకెతో బిడ్డను ఏమి చేయుదురు అని అడిగి తెలిసికొను హక్కు అంతకంటె విలువైనది. 1971 నాటి తల్లిదండ్రులు గెలిచినది ఆ ప్రశ్న అడుగుటచేతనే.