అడిగి ఆగడం: క్రైస్తవ ఆసుపత్రి వార్డులో వైకల్యమున్న పిల్లలకు ఆటచికిత్స

మార్కు సువార్త పదో అధ్యాయంలో ఒకదానికొకటి దూరంగా రెండు సన్నివేశాలున్నాయి. మొదటిది సండే స్కూలు గోడల మీద అందరూ చూసినదే: పిల్లల్ని అడ్డుకున్న శిష్యుల మీద యేసు కోపగించి, ఆ పిల్లల్ని ఎత్తుకొని దీవిస్తాడు. రెండోది అధ్యాయం చివర, యెరికో దారి పక్కన. బర్తిమయి అనే చూపులేని భిక్షకుడు కేకలు వేస్తాడు. అతనికేం కావాలో ఆ గుంపులో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళే. అయినా యేసు అతణ్ణే అడుగుతాడు, అడిగి జవాబు కోసం ఆగుతాడు. మిషన్ ఆసుపత్రుల్లో పిల్లల వార్డు మాట వస్తే సాధారణంగా మొదటి సన్నివేశాన్నే తలుస్తాం. ఆటచికిత్సకు అసలైన ఆధారం రెండోదానిలో ఉందని ఈ వ్యాసం వాదన.

వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో వెలువరించిన ‘ప్లే థెరపీ’ పుస్తకంలో ఎనిమిది సూత్రాలు చెప్పింది. వాటిలో మన వార్డులకు కొరుకుడుపడనివి రెండు. ఆటలో దారి చూపేది బిడ్డ, చికిత్సకులు వెనక నడవాలి. ఆ నడకను తొందరపెట్టకూడదు. రంగురింగులు కర్రకు తొడిగించడం, బంతి అందుకోమనడం ఫిజియోథెరపీలో ఎంతో అవసరమైన పనులే. కానీ అవి ఆట వేషం వేసుకున్న కసరత్తులు. ఏం చెయ్యాలో పెద్దవాళ్ళు ముందే నిర్ణయించినప్పుడు దాన్ని ఆటచికిత్స అనడం సరికాదు.

ఆసుపత్రి పిల్లల బాధ గురించిన చర్చ ఎక్కువగా బ్రిటన్‌లో మొదలైంది. ఎనిమిది రోజులు తల్లిని వదిలి వార్డులో ఉన్న రెండేళ్ళ పాప మీద జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో తీసిన సినిమా, తల్లులను వార్డులోకి రానివ్వాలన్న 1959 నాటి ప్లాట్ కమిటీ నివేదిక ఆ చర్చలో మైలురాళ్ళు. మన దగ్గర సంగతి వేరు. ఇక్కడ తల్లి మంచం పక్కనే ఉంటుంది, చాలాసార్లు మంచం కిందే చాప పరుచుకుంటుంది. కానీ సూదిమందు వేసేటప్పుడు సిస్టర్ అనే మాట ఒకటుంది: “గట్టిగా పట్టుకోమ్మా.” పక్కన తల్లి లేకపోవడం అక్కడి పిల్లల బాధ. చేతులు కదలకుండా పట్టుకున్నది తల్లే కావడం మన పిల్లల బాధ. అక్కడి సిద్ధాంతాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే ఈ తేడా చేజారిపోతుంది.

ఒక ఉదాహరణ అల్లి చెబుతాను. ఇది ఏ ఒక్క పిల్ల కథా కాదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఏడేళ్ళ పాప. కాలి కండరాలకు ఆపరేషన్ జరిగింది, రెండు కాళ్ళకూ పిండికట్లు. మాట స్పష్టంగా రాదు. చికిత్సకురాలు ఒక చేత్తో లక్కపిడతలు, ఇంకో చేత్తో సూదిలేని సిరంజి చూపించి ఊరుకుంటుంది. పాప చూపు సిరంజి మీద నిలుస్తుంది. చెయ్యి అటు బయలుదేరి, వంకర తిరిగి, వెనక్కి పోయి, మళ్ళీ బయలుదేరుతుంది. ఈలోగా తల్లి ప్రాణం ఒప్పుకోదు. “అది కాదు బంగారం, ఇదిగో పిడతలు” అంటూ చేతిలో పెట్టబోతుంది. “ఆగుదాం అమ్మా” అంటుంది చికిత్సకురాలు. చెయ్యి సిరంజిని చేరుతుంది. పాప గుడ్డబొమ్మను పొడుస్తుంది. తర్వాత తల్లి వైపు, బొమ్మ చేతుల వైపు చూస్తుంది. తల్లి బొమ్మ చేతులు మెల్లగా పట్టుకుంటే పాప మూలుగుతూ ఒప్పుకోదు. గట్టిగా పట్టుకున్నాకే మళ్ళీ పొడుస్తుంది.

ఆ మూలుగుకు అర్థం చెప్పాల్సిన పని లేదు. కావలసింది ఆ చెయ్యి తన దారిన తాను చేరేదాకా ఓపిక.

క్రైస్తవ ఆసుపత్రిలో ఈ ఓపికకు మరో పరీక్ష ఉంది. తెలుగునాట మిషన్ వైద్యానికి ఆదినుంచీ రెండు లక్ష్యాలు: రోగం నయం చెయ్యడం, సువార్త చెప్పడం. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ తరంలో మందుల కోసం కూర్చున్న స్త్రీలకు సువార్త చదివి వినిపించడానికి బైబిలు స్త్రీలు ఉండేవారు. వాళ్ళ సేవను తక్కువ చెయ్యను. అయితే పిండికట్టుతో కదల్లేని బిడ్డ లేచి పోలేని శ్రోత. ఆపరేషన్ ముందు పాస్టరుగారి ప్రార్థన కుటుంబం కోరుకున్నది, అది జరగాలి. ఆటగది మాత్రం బిడ్డది. బొమ్మల పెట్టెలో నోవహు ఓడ ఉండొచ్చు. బిడ్డ ఏనుగుతో సహా జంతువులన్నిటినీ ముంచేస్తే దిద్దకూడదు. బొమ్మ చేత ప్రార్థన చేయిస్తే వెంట నడవాలి, పాస్టరు బొమ్మను దిండు కింద దాచేసినా వెంటే నడవాలి. ఇది విశ్వాసానికి తగ్గింపు కాదని బర్తిమయి సన్నివేశం చెబుతోందని నా ఉద్దేశం.

తల్లిదండ్రుల విషయంలో మాత్రం వాక్యానికి నేరుగా పనుంది. “ఏ పాపం చేశామో” అన్న మాట హిందూ ఇళ్ళలోనే కాదు, క్రైస్తవ ఇళ్ళలోనూ వినబడుతుంది. కొన్నిచోట్ల “విశ్వాసం చాల్లేదు” అన్న నింద దానికి తోడు. ఒకతని పుట్టు గుడ్డితనానికి కారణం అతని పాపమా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. యోహాను తొమ్మిదో అధ్యాయం ఇది. వార్డు చాప్లిన్ ఆ అధ్యాయాన్ని చదవాల్సింది ఆటగదిలో కాదు, వరండాలో కూర్చున్న తండ్రి దగ్గర.

బొమ్మల పెట్టెలో ఏముండాలన్నదీ చిన్న సంగతి కాదు. డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదం జరిగి నడుము కింద చచ్చుబడిపోయింది. వీల్‌చెయిర్‌లో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పునరావాస కేంద్రం 1966లో ఆమె నాయకత్వంలో మొదలైంది. సరిహద్దు దాటి చిత్తూరు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వెళ్ళే ఆసుపత్రి అది. అందుకే నా సూచన ఒకటి: వీల్‌చెయిర్ బొమ్మ మెడలో స్టెతస్కోపు కూడా ఉండాలి. మామూలుగా ఆ కుర్చీలో రోగినే కూర్చోబెడతాం.

ఇక శుభ్రత. వార్డు బొమ్మల్ని ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు ఇచ్చేముందు కడిగి తుడవాలి. కొండపల్లి పొణికి చెక్కను రోజూ మందునీళ్ళతో కడగలేం, గుడ్డబొమ్మా అంతే. అందుచేత గుడ్డబొమ్మ ఒక బిడ్డకు ఒకటే. పాతచీర ముక్క, దూది ఉంటే తల్లే కుట్టగలదు, ఆమె చేతులకు పట్టుకోవడం కాక మరో పని దొరుకుతుంది. బొమ్మకూ రెండు పిండికట్లు వెయ్యాలి. కట్టు కోసే రంపం చప్పుడుకి పిల్లలు హడలిపోతారు కాబట్టి ముందురోజే దాన్ని చూపించి, చప్పుడు వినిపించాలి. పాప కాళ్ళ కట్లు డాక్టరు చెప్పిన రోజున విప్పుతారు. బొమ్మవి ఎప్పుడు విప్పాలో పాపను అడిగి, ఆగాలి.