కొండపల్లి కొండ

విజయవాడకు వాయవ్యంగా, ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న అడవి కొండ. జనం దీన్ని రెడ్డిరాజుల కాలం నాటి కోట కోసమే ఎక్కుతారు గానీ, అసలు విలువ చుట్టూ ఉన్న ఆకురాల్చే అడవిదే. కింద ఊళ్లో బొమ్మల పని నిలిచింది ఇక్కడి తెల్లపొణికి మీద. తేలికైన, మెత్తని కర్ర అది. బాగా ఆరబెట్టి చెక్కుతారు. కాళ్లూ చేతులూ విడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సుద్ద పూశాకే రంగులు. ఏనుగు అంబారీ, దశావతారాలు అలా తయారయ్యేవే.

ఆ బొమ్మలే పొణికిని తినేశాయని ఒక వాదన. కొట్టడం వల్ల చెట్లు పలచబడ్డాయి, కాదనలేం. అయినా కొట్టిన చోట మట్టి మిగులుతుంది, మళ్లీ నాటుకోవచ్చు. గ్రావెల్ కోసం గుట్టనే తవ్వుకుపోతే ఆ అవకాశమూ ఉండదు. అందుకే రిజర్వు అడవిలో బయటపడ్డ అక్రమ తవ్వకాలు ఉలి కంటే పెద్ద ముప్పు. నాటితే చాలదా అంటే, చాలదు: ఇవాళ నాటిన మొక్క బొమ్మకు పనికొచ్చే మాను కావడానికి ఏళ్లు పడుతుంది, పనివాళ్లకు కర్ర ఈ ఏడాదే కావాలి. ఉన్న అడవిని కాపాడటం ముందు, నాటడం ఆ వెంట.