మధ్యవర్తిత్వ ఒడంబడిక - దావా

మధ్యవర్తిచే పరిష్కరించుకొందుమని వ్రాసికొనిన వివాదమునే ఒక కక్షిదారు న్యాయస్థానమున దావాగా వేయుట మధ్యవర్తిత్వ ఒడంబడికకు భంగమగును. అయినను ఆ దావా తనంతట శూన్యము కాదు. 1877 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టపు 21వ సెక్షను అట్టి ఒడంబడికను బలవంతముగ నెరవేర్పింపరాదనుచునే, దానిని నిరాకరించి దావా వేసినవానికి ఆ ఒడంబడికయే అడ్డమగునని విధించెను. 1940 నాటి మధ్యవర్తిత్వ చట్టము దావాను నిలుపుటను న్యాయస్థాన విచక్షణకు విడువగా, 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టపు 8వ సెక్షను, ప్రతివాది వివాదాంశముపై తన తొలి జవాబును దాఖలు చేయునంతలోపున కోరినచో, వివాదమును మధ్యవర్తికి పంపుటను విధిగా చేసెను. అట్లు కోరక జవాబిచ్చినవాడు ఆ హక్కును వదలుకొనినట్లే. ఆచరణమున మధ్యవర్తిత్వ నిబంధన నీరుగారునది తరచుగా ఇచ్చటనే. విజయనగర పూసపాటి వంశీయుల వ్యాజ్యమున 2000లో సుప్రీంకోర్టు ఈ విధి అనుల్లంఘనీయమనియు, వ్యాజ్యము నడచుచుండగా కుదిరిన ఒడంబడికకును వర్తించుననియు నిర్ణయించెను.

మధ్యవర్తి తీర్పు వెలువడువరకు ఆస్తిని కాపాడుటకై 1996 నాటి చట్టపు 9వ సెక్షను క్రింద తాత్కాలికోత్తర్వు కోరుట భంగము కాదు. గోదావరి డెల్టాలో మిక్కిలిగా తలయెత్తు వ్యవసాయ కౌలు తగవులు 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టముచే ప్రత్యేకాధికారి విచారణకు చెందియుండెను. ప్రత్యేక శాసనముల క్రిందనుండు కౌలు వివాదములు మధ్యవర్తిత్వమునకు లోబడవని సుప్రీంకోర్టు 2011లో తెలిపినందున, కౌలు పత్రమున నిబంధన యున్నను ఆ అధికారిని ఆశ్రయించుట భంగమనబడకుండెను. అట్లే ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల కంట్రాక్టులలో 1983 నాటి ప్రభుత్వోత్తర్వు 50,000 రూపాయలకు మించిన క్లెయిములను సివిల్ దావాకే విడిచినందున, వానిపై దావా వేయుటయు భంగము కాదు.